కుట్టు మిషన్ తొక్కినట్టు గుట్ట ఎక్కాను

ఆ ఆదివారం పొద్దున గుట్ట రోడ్డు సగం ఎక్కేసరికి నా రొమ్ము మీద ఎవరో బండరాయి పెట్టినట్టయింది. ఎడమ దవడ గుంజింది. అయినా సైకిలు దిగలేదు.

నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుణ్ణి. ఎంత ఎత్తయినా బరువు గేరులోనే, లేచి నిలబడి తొక్కేవాణ్ణి. నాతో వచ్చే మల్లేశమన్న ఎత్తు రాకముందే తేలిక గేరులోకి మార్చి కాళ్లు చకచకా ఆడించేవాడు. "ఏందన్నా, కుట్టు మిషన్ తొక్కుతున్నవా?" అని నలుగురిలో నవ్వేవాణ్ణి. ఆ రోజూ నవ్వాను. నవ్వినవాణ్ణి ఎలా దిగను?

నా భార్య సరోజ ఏమైందని అడిగితే గ్యాస్ అన్నాను. పది రోజులు గోళీలు మింగాను. నిజం చెబితే అన్‌ఫిట్ అని బాయిలోకి దింపకుండా పైన డ్యూటీ వేస్తారని భయం. పైన కూర్చోవడం నామోషీ అనుకున్నాను. బాయి లోపల నేను కూలిపోతే మోసుకురావలసింది నా జట్టువాళ్లే కదా అని ఒక్కసారి కూడా తలచలేదు.

పదకొండో రోజు ఇంటి మెట్ల మీదే చెమటలు పట్టి కూలబడ్డాను. ఈసీజీ, యాంజియోగ్రామ్, స్టెంట్. "ఒక రక్తనాళం దాదాపు మూసుకుపోయింది. ఇన్ని రోజులు ఏం చేసినవయ్యా?" అన్నాడు డాక్టరు. సరోజ ఒక్క మాటే అంది: "నాకు అబద్ధం చెప్పినవ్."

కొన్ని నెలలకు ట్రెడ్‌మిల్ టెస్ట్ చేసి డాక్టరు సైకిలుకు ఒప్పుకున్నాడు. "తొక్కుకుంట మాట్లాడగలగాలె. మాట ఆగితే గేరు తగ్గించు." వారం తిరక్కుండానే ఎవరికీ చెప్పకుండా బరువు గేరులో గుట్ట ఎక్కబోయాను. కళ్లు తిరిగి పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. సైకిలు మళ్లీ మూలకు చేరింది.

ఈసారి సరోజకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె జాకెట్లు కుట్టే మిషన్ పక్కనే కూర్చుని రోజులు గడిపాను. మందపాటి మడత వచ్చినా ఆమె పాదం తొందరపడదు, ఆగదు. "గట్టిగ తొక్కితే సూది ఇరుగుతది. కాలు ఒక్క తీరుగ ఆడాలె, గంతే," అంది.

మల్లేశమన్న ఇంటికి వెళ్లి తప్పయిందన్నాను, నేర్పమన్నాను. "నేర్పుత. కని నన్ను నవ్విన నోటితోనే గుట్ట పొడుగూతా మాట్లాడుకుంట రావాలె," అన్నాడు. ఎత్తు మొదలు కాకముందే గేరు మార్చడం, కూర్చునే తొక్కడం, కాళ్ల లయ తప్పనప్పుడే పైకి చూడడం ఆయనే నేర్పాడు. మొదట మూడుసార్లు ఆగాను. తర్వాత ఒకసారి.

ఇప్పుడు నాది పైన ల్యాంప్‌రూమ్ డ్యూటీ. బాయిలోకి దిగే ప్రతివాడి టోపీ లైటూ నా చేతి మీదుగా వెళ్తుంది. నామోషీ లేదు.

మొన్నటి ఆదివారం ఎక్కడా ఆగకుండా, మల్లేశమన్నతో ముచ్చట పెడుతూ గుట్ట పైకి చేరబోతున్నాను. ఒకాయన లేచి నిలబడి తొక్కుతూ, రొప్పుతూ నన్ను దాటాడు. "ఏంది కాకా, కుట్టు మిషనా?"

"అవును తమ్మీ, మా ఇంటామె నేర్పింది!" అని గట్టిగా అరిచాను. అరవడానికి ఊపిరి మిగిలింది.

ఎత్తులో మాట రాకపోతే గేరు తగ్గించండి. రొమ్ము బరువెక్కితే మాత్రం దిగండి, అదే రోజు ఈసీజీ తీయించుకోండి, ఇంట్లో నిజం చెప్పండి.