కడిగేసిన స్లైడులు

1978 జూన్‌లో నన్ను మదనపల్లె నుంచి తిరుపతికి బదిలీ చేశారు. హోదా ల్యాబ్ టెక్నీషియన్, రెండో గ్రేడు. ఒక ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్షల గది నా చోటు. తప్పు నాది కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు.

అప్పట్లో మాకు యంత్రాలు లేవు. హిమోగ్లోబిన్ చూడాలంటే సన్నటి గాజు గొట్టంలో పలుచని ఆమ్లం పోసి, అందులో వేలి రక్తం కలిపేవాళ్ళం. అది గోధుమ రంగుకు తిరిగాక, పక్కనున్న నమూనా రంగుతో సరిపోయేదాకా చుక్క చుక్కగా నీళ్ళు పోసేవాళ్ళం. కణాలను గళ్ళు గీసిన గాజుపలక మీద మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాళ్ళం. ఆ పనిలో నాది గట్టి చెయ్యి అని పేరుండేది. ఆ పేరును నేనూ బాగానే నమ్మాను.

ఆ ఏడు వానలు వెనకబట్టాక చెంగల్రాయులు వార్డులో చేరాడు. పూతలపట్టు దగ్గర పల్లె, ముప్పై ఏళ్ళుంటాయి, గానుగ దగ్గర బెల్లం వండే మనిషి. భార్య కాంతమ్మ భుజం పట్టుకుని నడిచి వచ్చాడు. నాలుక, గోళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. హిమోగ్లోబిన్ నాలుగు గ్రాములు తేలింది. ఆరోగ్యవంతుడైన మగవాడికి పద్నాలుగు దాకా ఉండాలి.

అంతవరకైతే మా జిల్లాలో రోజూ చూసేదే. కానీ అతనికి తెల్లకణాలూ తక్కువే, రక్తాన్ని గడ్డకట్టించే సన్నకణాలైన ప్లేట్‌లెట్లూ తక్కువే. రక్తంలో సగానికి పైగా ఎండుగడ్డి రంగు ద్రవం, తక్కినదంతా ఈ మూడు రకాల కణాలు. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది, ప్లేట్‌లెట్ పది రోజులు, తెల్లకణాల్లో చాలా వాటికి ఒక్క రోజు కూడా గడవదు. అందుకే శరీరం వీటిని రోజూ పుట్టించుకుంటూ ఉండాలి. అవి పుట్టేది ఎముకల లోపలి మూలుగలో. పసిబిడ్డల్లో అన్ని ఎముకల్లోనూ, పెద్దవాళ్ళలో ఎక్కువగా రొమ్ము, తుంటి, వెన్ను, పక్కటెముకల్లో. అక్కడ ఒకే మూలకణం నుంచి మూడు రకాలూ చీలి వస్తాయి. ఎర్రకణాలు మాత్రమే తగ్గితే ఇనుము చాలలేదేమో అనుకుంటాం. మూడూ తగ్గితే మూలుగనే చూడాలి.

వార్డు డాక్టరు గారు రొమ్ము ఎముకలోకి సూది దింపి మూలుగ లాగారు. అది క్షణాల్లో గడ్డకడుతుంది కాబట్టి టెక్నీషియన్ మంచం పక్కనే నిలబడి స్లైడుల మీద పూయాలి. చర్మానికి మత్తు ఇస్తారు గాని, లోపలి నుంచి లాగేటప్పటి నొప్పికి మందు లేదు. చెంగల్రాయులు మంచం పట్టీని పట్టుకున్నాడు, అరవలేదు. అయిపోయాక నన్నే అడిగాడు.

"రగతం ఊరతా ఉండాదా సారూ?"

చూసి చెబుతానన్నాను.

రంగువేసి చూస్తే స్లైడు నిండా కొవ్వు బుడగల ఖాళీలు, అక్కడొకటి ఇక్కడొకటి చిన్న కణాలు. మూలుగ స్లైడంటే పుట్టే కణాలతో కిటకిటలాడాలి. మా గదిలో ఒక పద్ధతి ఉండేది. స్లైడు చూసి జబ్బు తేల్చే డాక్టరు, పెథాలజిస్టు గారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. ఆయన సమయం వృథా కాకుండా ముందు మేం చూసి, కణాలు దండిగా ఉన్న స్లైడులే ఆయన ట్రేలో పెట్టాలి. తక్కినవాటికి "నమూనా చాలలేదు, మళ్ళీ పంపండి" అని రాసి, స్లైడులు సబ్బునీళ్ళ బకెట్లో వేయాలి. గాజు స్లైడులకు ఎప్పుడూ కరువే, కడిగి మళ్ళీ వాడేవాళ్ళం. నేను అలాగే రాశాను, అలాగే వేశాను. సూది సరిగ్గా పడలేదనుకున్నాను.

రెండు వారాలకు మళ్ళీ పొడిచారు. మళ్ళీ అదే తేలింది. మళ్ళీ అదే రాసి బకెట్లో వేశాను. డాక్టరు గారు తన చేతినే అనుమానించుకున్నారు. అతన్ని వేరే ఊళ్ళోని పెద్దాసుపత్రికి పంపాలని ఆయనకు మొదటి నుంచీ ఉంది. మూలుగ రిపోర్టు లేకుండా పంపితే అక్కడా మొదటికొస్తుందని ఆగారు. అంటే అతని ప్రయాణం నా కాగితం దగ్గర ఆగిపోయింది.

ఈలోగా అతని తమ్ముళ్ళిద్దరూ వంతులవారీగా రక్తమిచ్చారు. ఎక్కించిన మర్నాడు హిమోగ్లోబిన్ ఆరుకు పెరిగేది. కాంతమ్మ రోజూ మునగాకు కూర, మేక కార్జం వండి తెచ్చేది. ఆరు అని నేను చెప్పిన రోజు ఆమె ముఖం వెలిగింది.

"కార్జం పట్టింది సారూ. ఇంగ ఆయప్ప లేసి తిరగతాడు."

నేను కొలిచింది తమ్ముడి రక్తమని నాకు తెలుసు. చెప్పలేదు. చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలై, వారంలో అంకె మళ్ళీ నాలుగుకు దిగింది.

మూడోసారి, అయిదో వారంలో, తుంటి ఎముక నుంచి తీశారు. ఆ రోజు పెథాలజిస్టు గారు గదిలోనే ఉన్నారు. నేను స్లైడు తీసి బకెట్ వైపు తిరగబోతుంటే చెయ్యి చాపి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. తల ఎత్తకుండానే అడిగారు.

"మిగతా రెండుసార్లూ ఇట్లే ఉన్నాయా?"

ఇట్లే ఉన్నాయన్నాను.

"నమూనా చాలకపోవడం కాదప్పా ఇది. ఆ ఎముకలో ఉండేదే ఇంత. మూలుగ ఎండిపోయినాది. ఆ స్లైడులు యాడుండాయి?"

కడిగేశానని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. కలం తీసి రిపోర్టు తనే రాశారు.

అప్పటికి చెంగల్రాయులు బస్సెక్కే స్థితిలో లేడు. జ్వరం పట్టుకుంది, దాన్ని ఎదుర్కోవడానికి తెల్లకణాలు లేవు. నాలుగో రోజు ఉదయం పోయాడు. మొదటి వారంలోనే పంపి ఉంటే బతికేవాడా అని పెథాలజిస్టు గారిని అడిగాను. ఆ జబ్బుకు మన దేశంలో అప్పటికి ఖాయమైన వైద్యం లేదని, ఎక్కువమంది పోతారని, కొందరు తేరుకుంటారని చెప్పారు. ఆ కొందరి మాటే నాకు ఈనాటికీ మింగుడు పడదు.

శవాన్ని తీసుకుపోయే ముందు కాంతమ్మ మా గది గుమ్మంలో నిలబడింది.

"మూడు తూర్లు పొడిసినారు కదా సారూ. మొదటి తూరే తెలీలేదా?"

"తెలీలేదమ్మా," అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. నా కంటికి కనిపించినదాన్ని నేనే కాదనుకున్నానని ఆమెకు చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా చెప్పలేదు.

ఆ తర్వాత కణాలు లేని స్లైడులను వేరే డబ్బాలో దాచి, పెథాలజిస్టు ముందు పెట్టడం మొదలుపెట్టాను. కనిపించింది ఎంతో, కనిపించనిది ఏమిటో రాశాను. ఖాళీగా ఉందని రాయడానికి నాకు అధికారం ఉంది. సూది సరిగ్గా పడలేదని రాయడానికి లేదు. నేను చూసింది స్లైడునే గాని, సూదిని కాదు. రిటైరయ్యే దాకా "నమూనా చాలలేదు" అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు. ఆ జాగ్రత్త వల్ల తర్వాత కొందరికి మేలు జరిగిందని అంటారు. చెంగల్రాయులుకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.