మా ఇల్లు చూడ్డానికొచ్చిన బిల్డింగు కమిటీ

టీ చల్లారితే చల్లారింది గానీ కామాక్షీ, నిన్న మా ఇంట్లో నా పరువేటయిందో విను ముందు!

మన బడికి కొత్త బిల్డింగు కడతారు కదా. సిమెంటు పర్మిట్టు కూడా వచ్చేసింది. ప్లాను ఎవరిచేత గీయించాలా అని కమిటీవాళ్లు తర్జనభర్జన పడుతుంటే నేనూరుకోవచ్చా? "మా ఇంటికి ప్లానిచ్చిన విజయనగరం మూర్తిగారున్నారండీ. ఉత్త ఇంజనీరు కాదు, ఆర్కిటెక్టు! కళ్లు మూసుకుని అప్పగించొచ్చు" అనేశాను.

"అయితే మీ ఇల్లే సూసొద్దాం, పదండి" అన్నారు ప్రెసిడెంటు నాయుడుగారు.

చచ్చాను అనుకున్నాను! ఆ ప్లాన్లో నేను సొంతంగా చేయించిన మార్పులు వాళ్లకి తెలీవు కదా!

కబురు పెడితే మూర్తిగారూ వచ్చారు. హాల్లో ఫ్యాను లేకపోయినా గాలి రివ్వున వస్తోంది. "పిల్లలు ఎండల్లో బతికిపోతారు" అన్నారు నాయుడుగారు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయన మేడ మెట్లెక్కబోయారు. "కాఫీ తాగి..." అంటూనే ఉన్నాను, ఠంగ్! మెట్లకి పైన నేను కట్టించిన అటక ఆయన నుదుటికి తగిలింది.

"ఏటండీ మూర్తిగారూ! పిల్లల బుర్రలు బద్దలైపోవా?"

ఆ మహానుభావుడు నా పేరెత్తకుండా ఆయన నుదురు రుద్దుతున్నారు! ఈలోగా కమిటీ సెక్రెటరీగారు వంటింట్లోకెళ్లి తలుపేసి చూశారు. అది పక్కనున్న కొట్టుగది తలుపుకి తగులుకుని బిగుసుకుపోయింది. "బాబూ, నేనెటు రావాల?" అని లోపల్నుంచి కేక!

నా మూలంగా పెద్దమనిషికి నోటికాడ కూడు పోతోంది. చెప్పేద్దామంటే పరువు పోతుందాయె!

మా ఆయన భుజంతో తలుపు తోస్తూ పకపకా నవ్వారు. "ఆయన్ననకండి బాబూ! అటకా, ఈ తలుపూ మా ఆవిడ ప్లాను. వద్దమ్మా అని మూర్తిగారు ఎంత బతిమాలినా వినలేదు."

అందరూ నన్నే చూశారు. నేను గోడ సున్నం గోకుతూ నిలబడ్డాను.

నాయుడుగారు బొప్పి తడుముకున్నారు. "మూర్తిగారూ, ఆ హాల్లో గాలి మీ ప్లానేనా?"

"నాదేనండి."

"అయితే పని మీకే. ఒక్కటే షరతు. బిల్డింగు పూర్తయ్యేదాకా ఈ టీచరమ్మ ఆ చుట్టుపక్కల కనబడకూడదు!"

మూర్తిగారు అప్పుడు నవ్వారు చూడూ! నేనూ బుద్ధిగా సరేనన్నాను.

అది సరే గానీ కామాక్షీ, బడి గేటు ఉత్తరం వైపు పెడితే బావుంటుంది కదే? పోనీ, నువ్వెళ్లి నీ మాటగా మూర్తిగారి చెవిన వేద్దూ!