ముందు లెక్కపెట్టు

బోధన్‌లో మా పక్కింటి లెక్కల టీచరక్క, కరెంటు పోగానే ప్లాస్టిక్ పైపుతో తనే చేసుకున్న టెలిస్కోపును పెరట్లోకి మోసుకొచ్చేది. వాడంతా కరెంటోళ్లను తిడుతుంటే ఆమె ఒక్కతే సంబరపడేది. ఎవరు కన్ను ఆనించినా ఒకటే మాట: "ముందు లెక్కపెట్టు, తర్వాత మాట్లాడు."

నేను ఏడో నెల కడుపుతో ఉన్నాను. ఒక చలికాలం సాయంత్రం చూడబోతే మా అత్తమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"కడుపుతోనున్నోళ్లు గసుంటియి సూస్తే పిల్లకు మచ్చ పడ్తది."

"గ్రహణం కాదవ్వా గది, చుక్కలు పుట్టే జాగ. కడుపుతోనున్నోళ్లు చూడక ఇంకెవ్వలు చూడాలె?" అంటూ టీచరక్క నాకు స్టూలు వేసింది.

చక్కెర ఫ్యాక్టరీ పొగలాంటి తెల్లని మసక, దాని నడుమ చిన్న చుక్కలు.

"నాలుగున్నయక్కా," అన్నాను.

పాప పుట్టింది. చెంప మీద పుట్టుమచ్చ చూసి అత్తమ్మ, "నేను చెప్పలే?" అని వాడంతా వినేలా అరిచింది. టీచరక్క పాపను ఎత్తుకుని, కళ్లద్దాలు సవరించుకుని, రెండు చెంపలూ నిదానంగా చూసింది.

"లెక్కపెట్టినవా అవ్వా? నేను చూపిచ్చినయి నాలుగు. తక్కిన మూడు యాడున్నయి?"