ఖుర్షిదా ఎడమ పక్క

పొన్నూరులో పరుపు కుట్టించుకోవాలంటే సుభానీ కొట్టుకే వెళ్ళాలి. సుభానీ పేరు బోర్డు మీదే, లోపల పెత్తనమంతా ఆయన భార్య ఖుర్షిదాది. ఆయన మిషన్ మీద దూది ఏకుతాడు, ఆమె నింపి కుడుతుంది. యాభై ఏళ్ళ మనిషి, నోరు పెద్దది. పరుపు మీద చెయ్యేసి లోపల ఎన్ని కిలోల దూది ఉందో చెప్పేస్తుంది. చంటిపిల్లల తల గుండ్రంగా రావడానికి పెట్టే ఆవాల దిండ్లు కూడా ఆమే కుడుతుంది. ఈ పాతికేళ్ళలో ఊళ్ళో పుట్టిన తలకాయల్లో సగం తన చలవేనని ఆమె నమ్మకం. కొన్ని తలకాయల్ని చూస్తే ఆ మాట పైకి అనకపోవడమే మంచిదనిపిస్తుంది.

ఆ చేతికే ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. దూదిలో గింజ తగిలినట్టుందే అనుకుంది. గింజైతే ఏరి పారేసేది. ఇది ఆమెను గుంటూరు ఆస్పత్రి దాకా లాక్కెళ్ళింది. పరీక్షలు చేశారు, కీమో ఇచ్చారు, రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఐదు వారాలు రేడియేషన్ అన్నారు, శని ఆదివారాలు సెలవు అన్నారు. జబ్బుక్కూడా ఆదివారం సెలవేనా అని ఖుర్షిదా అడిగింది. ఎవరూ నవ్వలేదు.

రోజూ పొద్దున్నే మొగుడూ పెళ్ళాలు బస్సెక్కి గుంటూరు వెళ్ళేవాళ్ళు. ఆమె మిషన్ కింద చెయ్యి పైకెత్తి కాసేపు కదలకుండా పడుకునేది, మళ్ళీ బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఛాతీ మీద ఇంకుతో గీతలు గీశారు, చెరిగిపోకుండా చూసుకోమన్నారు. అన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. పైట కింద ఒక పక్క ఉంది, ఒక పక్క లేదు. బస్సులో జనం చూస్తున్నారో లేదో తెలియదు, తను మాత్రం రోజూ అద్దంలో చూసుకుంటోంది. చీర కట్టుకునేటప్పుడల్లా ఏడుపొచ్చేది. ఖుర్షిదా ఏడవడమేమిటని ఊళ్ళో వాళ్ళంటారు. ఏం, ఆమె మాత్రం మనిషి కాదా?

ఏడుపయ్యాక పనిలోకి దిగింది. మెత్తటి పాతచీర ముక్కలో ఏకిన దూది కూరి, జాకెట్లో పెట్టుకునేలా ఒకటి కుట్టింది. చూడ్డానికి లక్షణంగానే ఉంది. బరువు లేదు, అదీ తంటా. బస్సు చేబ్రోలు దాటేసరికి అది మెడ కిందికి ఎక్కి కూర్చుంది. రెండోదాంట్లో బరువు కోసం ఆవాలు పోసింది. అది పెట్టిన చోట కుదురుగా ఉంది. వారం రోజులు ఖుర్షిదా నిటారుగా నడిచింది. ఇంటికొచ్చాక రోజూ ఉతికి ఆరేసేది. వానలు, ముసురు. పైన ఆరినట్టుండేది, లోపల చెమ్మ అలాగే ఉండేది.

ఎనిమిదో రోజు ఆస్పత్రిలో ఆమె బట్టలు మార్చుకుని దాన్ని బల్ల మీద పెట్టింది. మిషన్ నడిపే టెక్నీషియన్ సాయిరాం దాని వంక అదే పనిగా చూశాడు.

"అమ్మా, ఇదేంటి? మొలకలొచ్చినయ్?"

నిజమే. కుట్ల సందుల్లోంచి తెల్లగా, సన్నగా, చివర పచ్చ చుక్కతో వరసగా బయటికొచ్చి ఉన్నాయి.

"ఆవాలండి," అంది ఖుర్షిదా. అంతకంటే చెప్పడానికేముంది?

సాయిరాం నవ్వు ఆపుకుంటూ వెళ్ళి డాక్టర్ అమూల్య గారిని పిలుచుకొచ్చాడు. ఆవిడ మొలకల్ని చూళ్ళేదు. ఎర్రగా కమిలిపోయిన చర్మాన్ని చూసి కేకలేసింది. "రేడియేషన్ పడే చోట ఒరిపిడి తగలకూడదని చెప్పానా లేదా? అది పుండైతే ట్రీట్‌మెంట్ ఆపాల్సొస్తుంది. చర్మం మానేదాకా అక్కడ ఏమీ పెట్టొద్దు!" తర్వాత ఫైలు తిరగేసి, గొంతు తగ్గించింది. "మీకు ఇంత మనసుంటే ముందే చెప్పొచ్చుగా అమ్మా? కొత్తగా రొమ్ము చేసే ఆపరేషన్ ఉందని చెప్తే, వయసైపోయింది, అక్కర్లేదు అన్నట్టు రాసుందిక్కడ."

"ఎవరన్నారండీ ఆ మాట?"

"మీ ఆయన."

సుభానీ బయట వరండాలో అరటిపండు తింటున్నాడు. ఆమె ఆయన్ని బస్సు దాకా నడిపించింది. బస్సు కదిలాక మొదలుపెట్టింది.

"నా ఒంటి సంగతి నన్నడక్కుండా ఎట్టా చెప్పావయ్యా?"

"చిన్నగా మాట్లాడవే, అందరూ ఇంటన్నారు."

"ఇననీ! వయసైపోయిందంటావా? ఎవరు చూడొచ్చారనేగా? నేను చూసుకుంటా! రోజూ అద్దం ముందు నిలబడేది నేను కాదూ?"

బస్సంతా విన్నది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు. సుభానీ కిటికీలోంచి మిరప చేలు చూస్తూ కూర్చున్నాడు.

"అది కూడా కలిపి చేస్తే ఇంకో నాలుగు గంటలు పడుద్దన్నారే. నిన్ను లోపలికి తీసుకెళ్తే నేను ఆ బెంచీ మీద అంతసేపు కూర్చోలేననిపించింది. భయమేసింది. భయమని చెప్పడానికి సిగ్గేసి, వయసన్నా."

ఖుర్షిదాకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో ఆమెకు అలవాటు లేదు.

"భయం నీది, పోయింది నాది," అంది.

రేడియేషన్ అయ్యాక చర్మం తేరుకోవడానికి ఏడాది ఆగమన్నారు. ఆగింది. రేడియేషన్ తగిలిన చర్మం బిగుసుకుపోయింది కాబట్టి పొట్ట దగ్గర కొవ్వూ చర్మమూ తీసి పైన అమరుస్తామని, అది నూటికి నూరుపాళ్ళూ అతుక్కుంటుందని హామీ ఇవ్వలేమని, అతుక్కున్నా స్పర్శ పెద్దగా ఉండదని డాక్టర్లు విడమరిచి చెప్పారు. పాత పరుపులో దూది తీసి దిండు కుట్టడం తను ఎన్నిసార్లు చెయ్యలేదు? ఖుర్షిదాకి ఒక్క మాటలో అర్థమైంది. కాగితం తనే తీసుకుని తనే సంతకం పెట్టింది.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. సుభానీ బెంచీ మీద కూర్చున్నాడు. టీ కూడా తాగలేదు.

నాలుగో రోజు కట్టు విప్పేటప్పుడు నర్సు ఆయన్ని బయటికి వెళ్ళమంది. "ఉండనీయమ్మా," అంది ఖుర్షిదా. రొమ్ము తీసేసినప్పట్నుంచీ ఆమె బట్టలు మార్చుకుంటుంటే ఆయన గోడవైపు తిరిగేవాడు. అది మర్యాద అనుకున్నాడాయన. అసహ్యమనుకుంది ఆమె. ఏడాదిన్నర ఒకే గదిలో ఉండి ఇద్దరూ ఒకర్నొకరు అడగలేదు, అదీ వీళ్ళ కాపురం.

"ఇటు చూడు," అంది.

సుభానీ చూశాడు. కుట్ల వెంబడి నెమ్మదిగా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"సమానంగా ఉందా?"

"లేదు. ఎడమది కాస్త పైకుంది. కుట్టు మాత్రం బాగుంది."

"డాక్టరమ్మ చెప్పింది నిజమే. అక్కడ నాకేం తెలవట్లేదు. నువ్వు చెయ్యేసినా తెలవదు."

సుభానీ కళ్ళు తుడుచుకుని, మంచం అంచున కూర్చుని, ఆమె చెయ్యి తీసుకున్నాడు.

"మరి ఇది తెలుస్తందా?"

"తెలుస్తంది. గట్టిగా పట్టుకో," అంది ఖుర్షిదా.