పీతకాళ్ళ అంచు

“...చెప్పకుండా తీసి దాచేస్తే దాన్ని దొంగతనం అనరా మరి? రేపు దానికి తెలిస్తే?”

“తెలిసిన రోజు చూసుకుందాం. నువ్వు నోరు మూసుకుని నీ వ్యాను తోలుకో.”

“నన్నెందుకు లాగావమ్మా ఇందులోకి?”

“లాగింది నేనా? మోసుకొచ్చింది ఎవరు, నువ్వు కాదూ?”

వంటింటి రేకు గోడకు ఇవతల, కుళాయి దగ్గర రంగు గుడ్డలు ఉతుకుతున్న తరైవిని చేతులు ఆగిపోయాయి. లోపలి గొంతులు మేనత్త ఉనైసివి, ఆమె కొడుకు సెమివి. కుళాయి కట్టేస్తే తను వింటున్నట్టు తెలిసిపోతుందని నీళ్ళను అలాగే పారనిచ్చింది. ఆ తర్వాత గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

గదిలోకి వెళ్ళి పరుపు ఎత్తింది. అచ్చు ఫిల్ములు వంకర తిరగకుండా పరుపు కింద పరిచి ఉంచడం ఆ ఇంటి ఆడవాళ్ళ అలవాటు. ఆసుపత్రిలో పారేసే ఎక్స్‌రే ఫిల్ముల మీద బొమ్మలు కత్తిరించి, వాటిని చెట్టు బెరడు కొట్టి చేసిన బెరడు గుడ్డ మీద పరిచి, కంతల్లోంచి రంగు అద్దుతారు. తరైవిని కత్తిరించిన పీతకాళ్ళ ఫిల్ము మీద ఎవరివో పక్కటెముకలు తెల్లగా కనిపించేవి. దొంతరంతా తిరగేసింది. మోకాళ్ళున్నాయి, ఎవరిదో దవడ ఉంది. పక్కటెముకలు లేవు.

రాజధాని సువాలో ఆర్టు కాలేజీ చదువు ముగించాక తరైవిని ఎక్కని మెట్టు లేదు. ప్రతి గ్యాలరీలోనూ బాగుందన్నారు, మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్తే తనెవరో గుర్తుపట్టలేదు. ఓడల్లో వచ్చే వాళ్ళ కోసం కొబ్బరి చిప్పల మీద తాబేళ్ళు గీసింది. పెళ్ళిళ్ళకు పేర్ల పలకలు రాసింది. చివరికి గది ఖాళీ చేసి అత్త ఇంటికి వచ్చి, చిన్నప్పుడు విసుక్కుంటూ నేర్చుకున్న బెరడు గుడ్డ పనే మళ్ళీ పట్టుకుంది.

ఆ పనే ఆమెను కెర్రీ దాకా తీసుకెళ్ళింది. పడమటి తీరంలో కట్టిన కొత్త హోటలుకు లోపలి అలంకారం చూసే ఆస్ట్రేలియా మనిషి ఆమె. తరైవిని తెచ్చిన ముక్కలన్నీ పక్కకు జరిపి, ఒక్క పీతకాళ్ళ అంచు మీద వేలు పెట్టింది. ఇలాంటిది తానెక్కడా చూడలేదంది. హోటలు ముందు హాల్లో గోడంతా పరుచుకునే గుడ్డ కావాలంది. కింద ఇత్తడి పలక మీద తరైవిని పేరు ఉంటుందంది. “బొమ్మ నీ సొంతమే కదా?” అని అడిగింది. “నా సొంతమే” అంది తరైవిని. నెలాఖరుకు ఇవ్వాలి. గుడ్డ నడిమి భాగం అయిపోయింది. మిగిలింది ఆ అంచే.

సెమి వ్యాను తోలేది లామీలో ఉన్న ఒక బట్టల అచ్చు షాపుకి. ఆ సంగతి ఇంతకాలం ఆమె పట్టించుకోలేదు; ఇప్పుడు ఫిల్ము అక్కడికే చేరిందేమో అనిపించింది.

ఆ సాయంత్రం ముగ్గురూ చాప మీద కూర్చుని తింటున్నారు. కర్రపెండలం దుంపలు, కొబ్బరిపాలల్లో ఉడికించిన చేప. సెమి కొత్త చెప్పులు గుమ్మంలో మెరుస్తున్నాయి.

“ఏం మరదలా, దుంప వదిలేసి నన్ను నమిలేస్తున్నావు చూపుల్తో?”

“చెప్పులు బాగున్నాయి బావా. జీతం పెంచారా?”

“జీతమా! చర్చిలో నా పాట విని తట్టుకోలేక దేవుడే ఇచ్చాడు, ఇంక ఆపరా అని.”

“ఆ దేవుడికి లామీలో అచ్చు షాపు కూడా ఉందా?”

సెమి నవ్వు సగంలో ఆగింది. తల్లి వంక చూశాడు. ఉనైసి ఆ చూపు అందుకోకుండా, చేప తలకాయ తీసి తరైవిని పళ్ళెంలో వేసింది.

“తిను. ముల్లు చూసుకో.”

తలకాయ ఆ ఇంట్లో ఎప్పుడూ సెమిదే. తరైవిని దాన్ని ముట్టుకోలేదు. తనను అమ్మేసి పెట్టిన లంచంలా అనిపించింది. పడుకునే ముందు మిగిలిన ఫిల్ములన్నీ తన సంచిలో పెట్టుకుని, సంచి తల కింద పెట్టుకుంది.

మర్నాడు రంగుకు మడచెట్టు బెరడు కొనడానికి మార్కెట్టుకు వెళ్ళింది. బస్టాండులో ఒక బస్సు ముందు గుంపు నిలబడి ఉంది. ముసలివాళ్ళు, పసిపిల్లలు, లావుపాటి మేనమామలు, అందరివీ ఒకే గుడ్డతో కుట్టిన బట్టలు. ఏదో పెళ్ళికి వెళ్తున్న కుటుంబం. ఆకుపచ్చ గుడ్డ, దాని అంచున నల్లటి పీతకాళ్ళు.

తరైవిని నేరుగా గుంపులోకి నడిచింది. చంకలో దిండు పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దామె దగ్గరికి వెళ్ళింది.

“గుడ్డ బాగుందమ్మా. ఎక్కడ అచ్చు వేయించారు?”

“లామీలో. త్వరగానే వేసిచ్చారు. మీ ఇంట్లోనూ పెళ్ళా?”

“బొమ్మ ఎవరిచ్చారు వాళ్ళకి?”

“ఎవరివ్వడమేంటి! మేమే ఇచ్చాం. మా నమారా దీవి బొమ్మ ఇది. మా అమ్మమ్మ అద్దేది, వాళ్ళమ్మా అద్దేది.” పెద్దామె చూపు కిందికి దిగి, తరైవిని భుజాన వేలాడుతున్న సంచి మీద ఆగింది. దాని మీద కూడా పీతకాళ్ళే. తరైవిని మొదట నమూనాకు అద్దిన సంచి అది. “ఇది మాదేనే! కానీ తలకిందులుగా వేశారే. నువ్వెవరి పిల్లవే?”

“మాది వతులేలే దీవి.”

“మనువేమైనా చేసుకున్నావా మా వైపు?”

“లేదు.”

“మరి ఎవర్ని అడిగావు?”

సంచిని తుంటి వెనక్కి తిప్పుకుని, తరైవిని జనంలోకి వచ్చేసింది. ముసలావిడ అబద్ధమాడుతోందని అనుకుంది. సెమి నేర్పిన మాటలేమో అనుకుంది. కూరగాయల వరస చివరిదాకా అలాగే అనుకుంటూ నడిచింది. అక్కడ ఆగి సంచి తీసి, తలకిందులుగా పట్టుకుని చూసింది.

కాలేజీ రెండో ఏడాది మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు నేల మీద కూర్చుని గీసిన బొమ్మ గుర్తొచ్చింది. పెట్టె కింద చీటీ మీద ‘బెరడు గుడ్డ, పాతది’ అని మాత్రమే ఉంది. పాతదాన్ని తీసుకుని కొత్తది చెయ్యండని మాస్టారు చెప్పారు. ఆమె దాన్ని తిప్పింది, సగానికి కోసింది, కాళ్ళు పొడుగు చేసింది. ఇన్నేళ్ళలో ఆ అద్దాల పెట్టె సంగతి ఆమె మరిచిపోయినా, చెయ్యి మాత్రం గుర్తుపెట్టుకుంది. తన ఊరి చేపముళ్ళ బొమ్మను ఎవరో చొక్కాల మీద వేశారని ఒకప్పుడు అత్త, ఊళ్ళోని ఆడవాళ్ళు ఎంత గొడవ చేశారో ఆమెకు తెలుసు. అప్పుడు తనూ వాళ్ళతో కలిసి తిట్టింది.

ఇంటికొచ్చేసరికి ఉనైసి బెరడు కొడుతోంది. సెమి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“ఫిల్ము ఎక్కడుందత్తా?”

సుత్తి ఆగింది. ఉనైసి లేచి పిండి డబ్బా వెనక నుంచి దాన్ని తీసింది. పక్కటెముకల మీద కాస్త పిండి అంటి ఉంది.

“వీడే చూశాడు, నమారా వాళ్ళ గుడ్డ వాళ్ళకి చేరవేసినప్పుడు. నీ అంచు వాళ్ళదేనని వచ్చి నాకు చెప్పాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“రెండేళ్ళ తర్వాత నీ మొహాన నవ్వు చూశానే. అది ఎలా తీసెయ్యను? ఫిల్ము పోతే ఇంకో బొమ్మ కత్తిరిస్తావులే అనుకున్నా.”

“కెర్రీకి కావల్సింది ఈ అంచే.”

“అయితే అదే వెయ్యి మరదలా,” అన్నాడు సెమి. “నమారా వాళ్ళెవరైనా ఆ హోటల్లో దిగుతారా?”

“అక్కడ గదులు తుడిచేది ఎవరనుకుంటున్నావురా?” అంది ఉనైసి. తర్వాత గొంతు తగ్గించింది. “పద్ధతిగా కానుకకు యంగోనా వేరు పట్టుకెళ్ళి, వాళ్ళ పెద్దల ముందు కూర్చుని అడగాలి. ఆ లోపు నెల దాటిపోతుంది. ఇవ్వమన్నా అనొచ్చు. నీ ఇష్టం తల్లీ.”

తరైవిని ఫిల్ము మీది పిండి తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసింది.

“కెర్రీకి ఇప్పుడే ఫోన్ చేస్తాను, బొమ్మ నాది కాదని. మంగళవారం పడవలో నమారా వెళ్తున్నాను. బావా, మంచి యంగోనా వేరు ఒక కట్ట చూసిపెట్టు.”