కోచ్ గారి పాస్‌పోర్టులో ముద్ర

దమ్మామ్ స్టేషన్లో రియాద్ రైలు ఉదయం ఏడున్నరకు కదిలింది. ఇంట్లో నాన్న దగ్గర చదువుకున్నదాన్ని, ఆటల సంగతి నాకు తెలియదు. మావారు అల్ ఖోబర్‌లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు ఫిజియోథెరపిస్టు. సీజన్లో ఆఖరి ఆట రియాద్‌లో. ఓడితే జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది. ఆటగాళ్ళు ముందురోజే బస్సులో వెళ్ళారు. ఇంగ్లండు కోచ్ రాల్ఫ్ గారు, ఆయన భార్య జీన్, మేమిద్దరం ఫ్యామిలీ బోగీలో ఎదురెదురుగా కూర్చున్నాం.

రైలెక్కే ముందు క్లబ్బు మందూబ్, అంటే కాగితాల పని చూసే మనిషి, రాల్ఫ్ గారి ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు, తీసుకుని పాస్‌పోర్టు పెట్టిన కవరు చేతికిచ్చాడు. వచ్చే వారం ఇంగ్లండులో రాల్ఫ్ గారి అమ్మాయి పెళ్ళి. పది రోజులు వెళ్ళి రావడానికి అనుమతి ముద్ర వేయించానన్నాడు.

హఫూఫ్ దగ్గర ఖర్జూరపు తోటలు కనబడ్డాయి. టీ తాగుతూ జీన్ చెప్పింది. "పదహారేళ్ళకు క్లబ్బులో చేరాడు. రెండేళ్ళు పెద్ద ఆటగాళ్ళ బూట్లు తుడవడమే పని."

"బాగా తుడిచేవాణ్ణి. అందుకే ఉంచుకున్నారు" అన్నారాయన.

మూడో డివిజన్లో ఆడుతుండగా ఇరవై తొమ్మిదేళ్ళకే మోకాలు పోయిందట. తర్వాత నాలుగు చిన్న క్లబ్బులకు మేనేజరు. నాలుగుచోట్లా ఏడాది తిరక్కుండా తీసేశారు. "రెండో ఏడాదికి కూడా ఉండమన్నది ఈ ఖోబర్ వాళ్ళే" అన్నారు. ఆ మాటకు పెదవులు కదపకుండా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మధ్యాహ్నానికి రియాద్. క్లబ్బు మాట్లాడిన వ్యాన్ డ్రైవరు యాదగిరిది నిజామాబాద్. నాలుగింటికి మైదానం గేటు దగ్గర జీన్‌నీ నన్నూ ఆపేశారు. అప్పట్లో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. వ్యాన్లో కూర్చున్నాం.

"ముప్ఫయ్యేళ్ళు వానలో నిలబడి ఈయన ఆటలు చూశాను. ఇక్కడ గోడ చూస్తున్నాను" అంది జీన్.

అనుమతి పది రోజులకే ఇచ్చారో లేదో చూడమని ఆయన పాస్‌పోర్టు నా చేతికిచ్చింది. నాకు అరబ్బీ అంకెలే వచ్చు. యాదగిరికిచ్చాను. అతను రెండుసార్లు చూశాడు.

"అక్కా, ఇది పోయి వచ్చేటిది గాదు. ఖురూజ్ నిహాయీ. మల్ల రాకుండ పంపుడు."

"సరిగ్గా చూడు తమ్ముడూ."

"మా తమ్మునికి గిసొంటిదే కొట్టిన్రు, నేను మర్సిపోతనా? తారీఖు జూడు. పోయిన శనివారమే కొట్టిన్రు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పనిలోంచి తీసేసి, ఆ సంగతి దాచి, వారమంతా ఆ మనిషి చేత ఎండలో జట్టును తయారు చేయించుకున్నారు. నచ్చకపోతే తీసేయొచ్చు, క్లబ్బు వాళ్ళది. చెప్పడానికి నోరెందుకు రాలేదు? కూతురి పెళ్ళి సెలవని చెప్పి సాగనంపడం ఏం మర్యాద?

జీన్ నా మొహంలోకే చూస్తోంది. అబద్ధమాడడం నాకు చేతకాదు. చెప్పాను. ఆమె పాస్‌పోర్టు మూసి సంచిలో పెట్టుకుంది. "ఆట అయ్యేదాకా ఆయనకు తెలియనివ్వొద్దు" అంది.

ఒక్క గోలుతో గెలిచారు. ఆటగాళ్ళు రాల్ఫ్ గారిని భుజాల మీద ఎత్తుకుని గేటు దాకా మోసుకొచ్చారు. జీన్ చప్పట్లు కొట్టింది. నావల్ల కాలేదు.

ఆ పూట రియాద్‌లోనే బత్హా పేటలో ఫర్నిష్డ్ ఫ్లాటులో దిగాం. భార్యాభర్తలు వెళ్తే పెళ్ళి కాగితం అడుగుతారు, మర్చిపోకండి. కింద మలయాళీ హోటల్లో పరోటా బాగుంటుంది. జీన్ ఆయనకు చెప్పింది అక్కడే. మావారు మందూబ్‌కు ఫోన్ చేస్తే, "మాఫీ ముష్కిల్, గెలిచారుగా" అన్నాడట. ఏ ఇబ్బందీ లేదట!

మర్నాడు ఉదయం తిరుగు రైలు.

"మా దేశంలో నాలుగుసార్లు తీసేశారు" అన్నారు రాల్ఫ్ గారు. "ప్రతిసారీ గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి చెప్పారు."

తర్వాత పాస్‌పోర్టు పెట్టి ఇచ్చిన కవరు తిరగేసి రాయడం మొదలుపెట్టారు. ఎనిమిదో నంబరు ఆటగాడి ఎడమ మోకాలికి రెండు వారాలు విశ్రాంతి. గోల్‌కీపర్‌ను అందరి ముందూ కసరకూడదు. "కొత్తగా వచ్చేవాడికి ఇవ్వండి" అని మావారితో అన్నారు.

"వాళ్ళు మీకు చేసిందానికి ఇదా సార్?" అని మావారు అడిగారు.

"ఆటగాళ్ళేం చేశారు?"

హఫూఫ్‌లో టీ వచ్చింది. కప్పు పట్టుకుని రోజూలాగే కళ్ళు మూసుకున్నాను. ఇలాంటి మనిషిని చూపించినందుకు స్తోత్రం చెప్పగలిగాను. ఆ క్లబ్బువాళ్ళను క్షమించమనే మాట మాత్రం ఈ రోజుకీ నా నోట రాలేదు.

దమ్మామ్ ఇంకా గంట ఉందనగా కవరు నిండిపోయింది. ఆయన ఇంకో కాగితం అడిగారు. నా సంచిలోని నోటుబుక్కు తీసి ఇచ్చాను.