జారిన ఉంగరం

ఆవేళ అనకాపల్లిలో బస్సెక్కి ఒళ్లో ఒక జాయింటు పెట్టుకుని కూర్చున్నాను. పెద్ద ఆవిరి పైపు నుంచి ఒత్తిడి చూపే గేజీకి వెళ్లే సన్నటి ట్యూబును కలిపే జాయింటు అది. ఫ్యాక్టరీలో నేను బిగించినవాటికి నమూనా. మా మావయ్యకు చూపించి గొప్పలు పోదామని తెచ్చాను.

పక్కసీటు పెద్దాయన దాన్ని అడిగి తీసుకుని, నా సంచిలోని స్పానరుతో నట్టు విప్పాడు. ట్యూబును కరిచి పట్టుకోవలసిన ఉక్కు ఉంగరం సబ్బు రాసినట్టు జారి ఆయన అరచేతిలో పడింది.

"నట్టొక కంపెనీది, ఉంగరమింకో కంపెనీది. స్టీమొదిల్తే ట్యూబూడొచ్చేస్తాది. ఇలాటివెన్నేసేవు బాబూ?"

"పద్నాలుగండి. స్టోరులో ఉన్నవే కలిపేసేను."

"స్టీమెప్పుడొదుల్తారు?"

"నాలుగింటికండి."

అప్పటికే మూడున్నర దాటింది. ఆయన లేచి, "బస్సాపండి!" అని అరిచాడు. నేను దిగి ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. ఫోనెత్తిన వాచ్‌మన్, "అందరూ వాల్వు దగ్గరే ఉన్నారండి" అన్నాడు.

"పరిగెట్టి ఆపమను!"

ఆపారు.

ఆయన పేరైనా అడగలేదు. ఇప్పటికీ జాయింట్లు బిగించాక ఒకటి విప్పి, ఉంగరాన్ని చేత్తో లాగి చూస్తాను. జారదని నాకు తెలుసు. ఆవేళ కూడా తెలుసు.